సముద్రానికి అడ్డంగా గోడ

ఫ్రిజ్ తలుపు తెరవొద్దని మా ఆయన చెబుతూనే ఉన్నారు. హరికేన్ వెళ్ళిపోయాక, కరెంటు లేకుండా రోజుల తరబడి ఎండలో మగ్గిన ఫ్రిజ్‌కి టేపు చుట్టేసి అలాగే రోడ్డు పక్కకి ఈడ్చేయాలి. లోపలేముందో చూడాలనుకోకూడదు. తీరాన ఇల్లున్న ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతే అది. మా మరిది విన్నాడా? లోపల గుడి నుంచి తెచ్చిన చక్కెర పొంగలి ఉందట, ప్రసాదం చెత్తలోకి పోకూడదట. ముక్కుకి మాస్కయినా లేకుండా రెండు చేతులతో తలుపు లాగాడు.

ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ నా నోట్లో నీళ్ళూరతాయి. వాంతికి ముందు ఊరే నీళ్ళు. తెల్లగా మెదులుతున్న పురుగులు, అడుగున నల్లటి రసం, అందులో తేలుతున్న ప్రసాదం డబ్బా. అతను ఆ డబ్బాని బయటికి తీసి, కళ్ళకద్దుకుని, సముద్రంలో కలపడానికి ఇసుకలో నడుచుకుంటూ వెళ్ళాడు. నేను పక్కకి తిరిగి కక్కుకున్నాను. కక్కుకున్నది ఫ్రిజ్‌ని చూసా, అతన్ని చూసా అని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం.

మరిది అంటే మా చెల్లెలి భర్త. మా రెండు కుటుంబాలూ ఉండేది క్యారీ అనే ఊళ్ళో, ఒకే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళేంత దగ్గరలో. అక్కడి నుంచి కార్లో మూడు గంటలు వెళ్తే సముద్రం వస్తుంది. తీరం వెంబడి సన్నటి ఇసుక దీవులుంటాయి. అలాంటి ఒక దీవిలో, సముద్రం ఒడ్డునే, రెండు కుటుంబాలం కలిసి ఒక ఇల్లు కొనుక్కున్నాం. పాత చెక్క ఇల్లు. ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ లావుపాటి కర్ర స్తంభాల మీద నిలబడి ఉంటాయి. మెట్లెక్కితే ఇల్లు, కింద అంతా ఖాళీ. సముద్రం పొంగినప్పుడు నీళ్ళు ఆ ఖాళీలోంచి వచ్చి ఆ ఖాళీలోంచే వెళ్ళిపోవాలి. ఇందులో పెద్ద ఇంజినీరింగ్ ఏమీ లేదు. దారిస్తే పోతుంది, అంతే.

మా ఇంటికి ఆ కింది భాగమే ప్రాణం. ఎందుకో చెప్పాలంటే చేపల సంగతి చెప్పాలి.

మేం కాకినాడ వైపు వాళ్ళం. చేప లేనిదే మా ఇంట్లో ఆదివారం లేదు. మా చెల్లెలు తనతో పాటు చదివినవాణ్ణి ఇష్టపడి చేసుకుంది. వాళ్ళది ఉల్లిపాయని కూడా అనుమానంగా చూసే ఇల్లు. నువ్వు తినొద్దని అతను ఏనాడూ అనలేదు, ఆ న్యాయం అతనికి చేయాల్సిందే. ఇంట్లో మాత్రం వద్దన్నాడు. బయట రెస్టారెంట్లో తినొచ్చు కదా అంటారు తెలియనివాళ్ళు. ఫోర్కుతో పొడుచుకుని, నిమ్మకాయ పిండుకుని తినేదాన్ని మా చెల్లెలు చేప అని ఒప్పుకోదు. దానికి చింతపండు పులుసులో మునిగిన ముక్క కావాలి. నేలమీద కూర్చుని, చేత్తో ముల్లు తీసుకుంటూ, వేళ్ళు నాకుతూ తినాలి.

బీచ్ హౌస్ కొన్న మొదటి వేసవిలోనే సమస్య వచ్చింది. ఇది ఇల్లా, బయటా? తీర్పు అతనే చెప్పాడు. మెట్ల మీద నిలబడి, నవ్వుతూ, "పైన ఇల్లు వదినా. పైన నో ఫిష్. కింద ఇల్లు కాదు కదా, కింద ఉన్నది గాలి. గాల్లో మీరేం వండుకున్నా నాకు అబ్జెక్షన్ లేదు" అన్నాడు. ఆ రోజు మా మరిదిని చూసి ముచ్చటపడ్డాను. దాచడం ఎందుకు, ముద్దొచ్చాడు.

అప్పటినుంచి ఆ స్తంభాల మధ్య చోటు మా అక్కచెల్లెళ్ళ రాజ్యమయిపోయింది. ఈశాన్యం మూల స్తంభానికి ఆనించి చేపలు కడిగే సింకు ఒకటి పాత యజమాని పెట్టించి వెళ్ళాడు. పక్కన గ్యాస్ బర్నర్, ఒక చెక్క బల్ల. పొద్దున్నే, సముద్రంలోకి కట్టిన చెక్క వంతెన, అదే పీర్ దగ్గరికెళ్ళి, గాలాలేసేవాళ్ళలో ఎవరు ఏం పట్టారో చూసి కొనుక్కొచ్చేవాళ్ళం. కింగ్ మాకెరెల్ దొరికిన రోజు పండగే, మన వంజరానికి దగ్గర చుట్టం అది. నీలం పీతలు బకెట్లో గోక్కుంటుంటే పిల్లలు కేకలు పెట్టేవాళ్ళు. చెల్లెలు నైటీ ఎత్తి దోపుకుని, చేతులకి మోచేతుల దాకా పొలుసులంటించుకుని, బూతులు కలిపిన కాకినాడ జోకులు చెప్పేది. క్యారీలో అది వేరే మనిషి. అక్కడ మెల్లగా మాట్లాడుతుంది, ఏ మాట అన్నా భర్త మొహం వైపు ఒకసారి చూస్తుంది. ఇల్లు పోతే నాకు పోయేది ఇల్లు కాదని అప్పట్లోనే తెలుసు. నా చెల్లెలు నాకు చెల్లెలుగా దొరికే చోటు భూమ్మీద అదొక్కటే.

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత మా మరిదికి ఉద్యోగం పోయింది. లేఆఫ్‌లు అందరికీ వస్తాయి, మా వీధిలోనే ముగ్గురికి వచ్చాయి. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడికి ఆ భయం వేరు, ఒప్పుకుంటాను. దేశం వదలాల్సిన గడువు లోపల ఇంకో కంపెనీ దొరికింది కూడా. కానీ ఆ భయం అతని ఎముకల్లో ఉండిపోయింది. ఇలా ఎందుకు జరిగిందని హైదరాబాద్‌లో ఒక వాస్తు పండితుణ్ణి పట్టుకున్నాడు. ఆయన వీడియో కాల్‌లో క్యారీ ఇల్లంతా చూసి, అంతా దివ్యంగా ఉందన్నాడట. మరి దోషం ఎక్కడో ఉండాలి కదా. మీకు ఇంకేదైనా ఆస్తి ఉందా అని అడిగాడట.

ఆ తర్వాతి వారాంతమే బీచ్ హౌస్ దగ్గర దర్బారు జరిగింది. మరిది ఫోన్‌లో కంపాస్ పెట్టుకుని ఇంటి చుట్టూ ప్రదక్షిణం చేశాడు, ఇంకో ఫోన్‌లో పండితుడు. నేను బల్ల దగ్గర కూర్చుని పీతలు శుభ్రం చేస్తున్నాను.

"అయ్యో, దక్షిణం మొత్తం ఓపెన్‌గా ఉందండీ. పైగా దక్షిణంలో జలం. యజమానికి స్థానభ్రంశం" అన్నాడాయన.

ఉండబట్టలేక నేనే అందుకున్నాను. "దక్షిణంలో జలమంటే అట్లాంటిక్ సముద్రం గురువుగారూ. దాన్ని ఈశాన్యానికి జరపమంటారా?"

ఆయనకి వెటకారం అర్థం కాలేదో, అలాంటివి చాలా చూశాడో. "జరపలేనప్పుడు కనపడకుండా మూసెయ్యాలమ్మా. దక్షిణం, పడమర బరువుగా గోడ లేపండి. ఇల్లు గాల్లో వేలాడకూడదు. ఈశాన్యంలో అదేమిటి, సింకా? ఏం కడుగుతారందులో?"

మరిది ఫోన్ ఇంకోవైపు తిప్పాడు. మా చెల్లెలు బకెట్ మీద తువ్వాలు కప్పింది. ఆ చిన్న పని చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఊరి కాంట్రాక్టర్ని పిలిస్తే, సముద్రం వైపు కింద సిమెంటు బ్లాకుల గోడ కట్టనన్నాడు, ఊళ్ళో రూల్సు ఒప్పుకోవన్నాడు. అంతటితో ఆగొచ్చు కదా? మనవాళ్ళు ఆగుతారా? వాట్సాప్ గ్రూపులో ఒకతను దొరికాడు. వారమంతా కోడింగ్, శని ఆదివారాలు మనవాళ్ళ బేస్‌మెంట్లు ఫినిష్ చేయడం అతని పని. "పర్మిట్ ఎందుకు అన్నా, బయటికి చెక్క పలకలు కొడితే ఎవడికి తెలుస్తది" అన్నాడు. నేను అరిచాను. వీధిలో ఇళ్ళన్నీ చూపించాను. వీళ్ళందరూ గోడలు కట్టుకోలేనంత పేదవాళ్ళనుకుంటున్నారా అని అడిగాను. "వదినా, మీకు నమ్మకం లేకపోతే పోనీయండి, మా ఫ్యామిలీ సేఫ్టీ గురించి నేను ఆలోచించుకోవాలి కదా" అన్నాడు. మా ఆయన నన్ను పక్కకి పిలిచి, "గోడే కదా, గొడవెందుకు, దేనికీ అడ్డం కాదు" అన్నారు. చెల్లెలు పిల్లల్ని స్నానాలకి పైకి తీసుకెళ్ళిపోయింది.

దక్షిణాన, పడమరన గోడలు లేచాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య బ్లాకులు పేర్చి, ఇనప కడ్డీలు గుచ్చి, మాంచి గట్టిగా కట్టారు. చేపల సింకు పీకేసి ఆ మూల పూజ గది కట్టారు, తెల్లటి టైల్స్, ఏసీ, ప్రసాదాలకి పక్కనే ఒక ఫ్రిజ్. గాలి వచ్చే చోట ఇప్పుడు అగరువత్తుల పొగ నిలవుండేది. సముద్రానికి అడుగుల దూరంలో ఉండి సముద్రం కనపడని గది అది ఒక్కటేనేమో ఆ దీవి మొత్తం మీద. గోడలు లేచాయి కాబట్టి కింద కూడా ఇల్లయిపోయింది. ఇల్లయింది కాబట్టి చేప బంద్. తీర్పు మళ్ళీ అతనే చెప్పాడు, ఈసారి నవ్వకుండా.

తర్వాతి వేసవి మేం అక్కడ పప్పుచారు తిన్నాం. చెల్లెలు మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంది. పీర్ దాకా నడిచొద్దామా అంటే మోకాళ్ళ నొప్పులంది. ఏం చేయమంటారు, ఆ వయసుకి దానికి మోకాళ్ళ నొప్పులు లేవని నాకు తెలుసు.

హరికేన్ వచ్చింది. దీవి ఖాళీ చేయించారు. మేం నలుగురం క్యారీలో మా ఇంట్లో కూర్చుని, బీచ్ హౌస్ కెమెరా పంపే వీడియో చూశాం. ఇసుక దిబ్బ కరిగిపోయింది, నీళ్ళు వీధిలోకొచ్చాయి. ఒక అల వచ్చి గోడకి కొట్టుకుని మేడంత ఎత్తు లేచింది. ఇంకొకటి వచ్చింది. మరిది పక్కన కూర్చుని ఏదో జపం చేస్తున్నాడు. తర్వాత కెమెరా పోయింది.

దీవిలోకి వెళ్ళే వంతెన మీదికి ఇంటి యజమానుల్ని వదిలిన రోజు వెళ్ళాం. మా కుడిపక్క ఇల్లు నిలబడి ఉంది. మెట్లు పోయాయి, కింద పెట్టుకున్న సైకిళ్ళు పోయాయి, ఇల్లు మాత్రం నిలబడి ఉంది. ఎడమపక్క ఇల్లూ అంతే, దాని కాళ్ళ మధ్యనుంచి అవతల సముద్రం అమాయకంగా కనపడుతోంది. మధ్యలో మా ఇల్లు మోకాళ్ళ మీద కూలబడింది. గోడకి తగిలిన నీళ్ళు పోయే దారి లేక, గోడనీ, దానికి కట్టేసిన స్తంభాల్నీ కలిపి నెట్టేశాయి. ముందు స్తంభాలు విరిగి లోపలికి పడ్డాయి, పైన ఇల్లు వాటి మీదికి వంగింది. చూడ్డానికి చదువక్కర్లేదు. ఎల్‌కేజీ పిల్లకి చూపించినా చెబుతుంది.

పూజ గది సగం నిలబడి ఉంది. లోపల మురుగునీరు మడమల దాకా, ఎవరి సెప్టిక్ ట్యాంకో పొంగి వచ్చినట్టుంది. దేవుడి పీట మీద చచ్చిన పీతలు. నిచ్చెన వేసుకుని పైకెక్కితే కార్పెట్ అడుగు పెట్టినప్పుడల్లా పిచికారీ కొట్టింది. గోడలకి నల్లటి బూజు వెంట్రుకల్లాగా మొలిచింది. సోఫాలో ఏదో ఎలక పిల్లల్ని పెట్టుకుంది. చీదరేసి, పిల్లల ఫోటోలు కూడా ముట్టుకోలేక దిగిపోయాను. చెల్లెలు పైకి రాలేదు, కార్లోనే ఉంది.

అంతకంటే రోత తర్వాత వచ్చింది. అది జనం. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఊరికే మకాం వేసి, తడి టవళ్ళు మంచాల మీద పడేసి వెళ్ళిన క్యారీ మిత్రబృందం పరామర్శకి వచ్చింది. ఒకావిడ పులిహోర తెచ్చింది, చావింటికి వచ్చినట్టు. ఒకాయన డ్రోన్ తెచ్చి, పైనుంచి వీడియో తీసి, సంగీతం కలిపి గ్రూపులో పెట్టాడు. కూలిన ఇంటి ముందు నిలబడి సెల్ఫీ తీసుకున్నవాళ్ళున్నారు. "అసలు బీచ్ హౌస్ అన్నది రిస్కేనండీ, మేం అప్పుడే అనుకున్నాం" అని ఒకాయన నా మొహం మీదే అన్నాడు. పోయిన ఆగస్టులో మా తాళాలు అడిగి తీసుకున్నవాడు ఆయనే.

ఇన్సూరెన్స్ తరఫు మనిషి వచ్చి విరిగిన బ్లాకుల్ని చాలా ఫోటోలు తీసుకున్నాడు. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, పర్మిట్ ఉందా అని మర్యాదగా అడిగాడు. మరిది ఫోన్‌లో ఆ వాట్సాప్ మనిషి నంబరు వెతుకుతూ ఉండగానే అతను ట్యాబ్లెట్ మూసేశాడు. ఇన్సూరెన్స్ డబ్బు రాదని అప్పుడే తేలిపోయింది. టౌన్ ఆఫీసువాళ్ళు ఇల్లు కూల్చెయ్యమని ఎర్ర కాగితం అంటించి వెళ్ళారు.

సరే, ఇల్లు పోయింది. స్థలం ఉంది. అందరూ కట్టుకున్నట్టే, కింద ఖాళీగా వదిలి, చిన్నదైనా మళ్ళీ కడదామన్నాను. కష్టమైనా తంటాలు పడదామని మా ఆయన కూడా ఒప్పుకున్నారు. మరిది వద్దన్నాడు. ఎందుకు వద్దని అడిగితే, ఆ గోడ సంగతి ఒక్కసారైనా అతని నోట వస్తుందేమోనని చూశాను. ఆ ఒక్క మాట అనుంటే మిగిలినవన్నీ మరిచిపోయేదాన్నని దేవుడి మీద ఒట్టేసి చెప్పగలను.

"వదినా, మీరు ఫీలవ్వొద్దు. గురువుగారితో మాట్లాడాను. మనం కరెక్షన్ లేట్‌గా చేశాం. దానికి ముందు అన్నేళ్ళు ఈశాన్యంలో చేపలు కోశారు కదా, రక్తం, పొట్టలు, అవీ... ఆ దోషం గోడతో పోయేది కాదట."

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. నిజంగా ఏడుస్తున్నాడు. చేతిలో బురద పట్టిన చిన్న విగ్రహం, దాన్ని టూత్‌బ్రష్‌తో తోముతున్నాడు. దొంగ ఏడుపయితే చెంప పగలగొట్టడానికి వీలుండేది. మనస్ఫూర్తిగా నమ్మి ఏడ్చేవాణ్ణి ఏం చేస్తాం? నాకు వచ్చింది అసహ్యం, అంతకు మించి ఏమీ రాలేదు. "నీ గోడ కూల్చిన ఇంటికి నా పులుసు మీద నేరం మోపుతావా" అని, ఎప్పుడూ మీరు అనేదాన్ని ఆ రోజు నువ్వు అనేశాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని బయటికి లాగారు.

అయినా నాకు ఒక ఆశ ఉంది. మా మరిది ఎవరి మాటా వినడు గానీ, పెళ్ళాం నోరు తెరిచి అడిగితే కాదనడు. ఎప్పుడూ కాదనలేదు. చెల్లెలే ఎప్పుడూ అడగదు. ఈసారి అడిగిస్తే చాలు, ఇల్లు లేస్తుంది. కూల్చివేత రోజున అడిగిద్దామనుకున్నాను.

ఆ రోజు యంత్రం డ్రైవరు ఇంజను ఆన్ చేసి మా కోసం ఎదురుచూస్తున్నాడు. కూల్చేముందు క్షమాపణ పూజ ఉందట. క్యారీ గుడి పూజారిగారు ఫోన్‌లో మంత్రాలు, మరిది కొబ్బరికాయ, ఇంకో ఫోన్‌లో శాన్ రామన్‌లో ఉన్న అతని అన్నగారి కుటుంబానికి లైవ్. "అన్నయ్యా, సౌండ్ వస్తోందా? కొంచెం విండీగా ఉంది" అంటున్నాడు. పసుపు నీళ్ళు చల్లిన మీదట యంత్రం పళ్ళు పైకప్పులో దిగాయి. తడిసిన గోడలు విరిగేటప్పుడు చప్పుడు కూడా సరిగా రాలేదు, పచ్చిగా చీలాయి. లోపలి బూజు వాసన వీధంతా కమ్మింది. లైవ్‌లో అవతలి వాళ్ళు నమస్కారాలు పెడుతున్నారు.

నేను వెళ్ళి కార్లో చెల్లెలి పక్కన కూర్చున్నాను. అద్దాలు ఎత్తి ఉన్నాయి, ఏసీ నడుస్తోంది.

"నువ్వు ఒక్క మాట అడగవే. కింద ఖాళీగా ఉండేట్టు మళ్ళీ కడదామను. నువ్వడిగితే అతను కాదనడు. మిగతాది నేనూ మీ బావగారూ చూసుకుంటాం."

అది అద్దంలోంచి యంత్రాన్నే చూస్తోంది. "వద్దక్కా."

"ఏం, భయమా? నేను మాట్లాడనా?"

"భయం కాదు. ఆయన చెప్పింది నిజమేమో అనిపిస్తోంది."

"పిచ్చిదానా, గోడే కూల్చింది. పక్కిళ్ళు నిలబడ్డాయి, కనపడట్లేదా?"

"కనపడుతోంది. గోడే అయ్యుండొచ్చు. కాదని నేను అనట్లేదు." ఏసీ తగ్గించింది. "ఆ రోజు వీడియోలో నీళ్ళు వస్తుంటే నాకు గోడ గుర్తు రాలేదక్కా. నేను తిన్నవన్నీ గుర్తొచ్చాయి. ఒక్కొక్కటీ. ఎంత ఇష్టంగా తిన్నానో అది కూడా."

"అయితే?"

"కింద మళ్ళీ ఖాళీగా కడితే మళ్ళీ తింటాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే కట్టొద్దు."

తిడదామని నోరు తెరిచాను. కాకినాడ తిట్లన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. ఎవరిని తిట్టాలో తోచలేదు. అతను ఫోన్ పట్టుకుని గాలిలో అరుస్తున్నాడు, పండితుడు హైదరాబాద్‌లో నిద్రపోతుంటాడు, ఇది నా పక్కన ఆగి ఉన్న కార్లో సీటు బెల్టు పెట్టుకుని కూర్చుంది.

నేను దిగి, మా ఆయన దగ్గరికి వెళ్ళి, స్థలం అమ్మేద్దామన్నాను.